డాలస్ పుకార్లకు ఏడాది: ఏది నిజమైంది, ఏది తేలిపోయింది | వింటర్ మీటింగ్స్ రివ్యూ

అందరికీ నమస్కారం అండీ.

2024 డిసెంబరు 10, మంగళవారం. ఆఫీసు అయ్యాక ఇంటికి వెళ్ళకుండా ఇర్వింగ్ నుంచి సరాసరి డాలస్‌లో స్టెమన్స్ ఫ్రీవే పక్కనున్న హిల్టన్ అనటోల్ హోటల్‌కి వెళ్ళాను. మేజర్ లీగ్ బేస్‌బాల్ వింటర్ మీటింగ్స్ మన ఊళ్ళోనే జరుగుతున్నాయి, ఎలా ఊరుకుంటాను? లోపలి గదుల్లోకి మనల్ని రానివ్వరు. లాబీలో నిలబడ్డా చాలనుకున్నాను. ఒక మూల లైట్లు, మైకులు. ఇంకో మూల ఇస్త్రీ నలగని సూట్లు వేసుకుని, చేతిలో రెజ్యూమె ఫోల్డర్లతో బేస్‌బాల్‌లో ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన కుర్రాళ్ళు. మధ్యలో నాలాంటి ఫ్యాన్స్, తలా ఒక టీమ్ టోపీ. అందరి చేతుల్లో ఫోన్లే, కానీ ఎవరూ మాట్లాడట్లేదు. స్క్రీన్‌ని బొటనవేలితో కిందికి లాగి వదలడం, మళ్ళీ లాగి వదలడం.

నా పక్కన బోస్టన్ రెడ్ సాక్స్ టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన నిలబడ్డారు. అప్పటికి షికాగో వైట్ సాక్స్‌లో ఉన్న పిచ్చర్, అంటే బంతి వేసేవాడు, గారెట్ క్రోషే గురించే అందరి మాటలూ. "గారెట్ క్రోషే మాకే వస్తాడు, రాసిపెట్టుకో" అన్నారు. "మరి మీరేం ఇస్తారు?" అని అడిగాను. ఆయన నలుగురి పేర్లు చెప్పారు. అందులో ముగ్గురు వాళ్ళ టీమ్‌కే అక్కర్లేని వాళ్ళు. మర్నాడు క్రోషే నిజంగానే బోస్టన్‌కి వెళ్ళాడు. కానీ పెద్దాయన చెప్పిన నలుగురిలో ఒక్కరు కూడా ఆ ట్రేడ్‌లో, అంటే ఆటగాళ్ళ మార్పిడిలో, లేరు.

ఆ సాయంత్రం నుంచి నా బుర్రలో తిరుగుతున్నది ఇదే. ఫ్యాన్స్‌గా మనం "ఎవరొస్తారు" అన్నది చాలాసార్లు సరిగ్గానే పట్టుకుంటాం. "ఎవరు పోతారు" అన్న దగ్గర ఎప్పుడూ దెబ్బ తింటాం. 2025 డిసెంబరులో ఒర్లాండోలో మళ్ళీ మీటింగ్స్ వచ్చేశాయి, మళ్ళీ పుకార్లు మొదలయ్యాయి. అందుకే డాలస్ వారాన్ని, ఒక సీజన్ గడిచిపోయాక, తీరిగ్గా రివ్యూ చేద్దాం.

క్రికెట్ మాత్రమే చూసే మనవాళ్ళ కోసం ఒక్క నిమిషం. ఐపీఎల్ వేలంలో అంతా మన కళ్ళ ముందే జరుగుతుంది, ప్యాడిల్ ఎత్తితే లెక్క తెలిసిపోతుంది. ఇక్కడ అలా కాదండీ. 30 టీమ్‌ల పెద్దలు, ఏజెంట్లు, రిపోర్టర్లు అందరూ ఒకే హోటల్లో దిగుతారు. బేరాలన్నీ తలుపులు వేసుకుని, ఫోన్లలో. బయటికి వచ్చేది వాసన మాత్రమే. ఇంకో తేడా. సంజూ శాంసన్ చెన్నైకి వస్తాడా రాడా అని మనం నెలల తరబడి వాదించుకున్నాం కదా, 2025 నవంబరులో వచ్చాడు, జడేజా రాజస్థాన్ వెళ్ళాడు. అక్కడ ఆటగాడి ఒప్పుకోలు కావాలి. బేస్‌బాల్‌లో చాలామందిని అడగరు. ఫోన్ వస్తుంది, బట్టలు సర్దుకోవాలి. పదేళ్ళ సర్వీసు ఉండి, అందులో చివరి ఐదేళ్ళు అదే టీమ్‌లో ఉన్నవాళ్ళకీ, కాంట్రాక్ట్‌లో నో ట్రేడ్ క్లాజ్ రాయించుకున్నవాళ్ళకీ మాత్రమే కాదనే హక్కు ఉంటుంది.

సరే, ఇక క్రోషే. ఆ వారంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది ఈ ట్రేడే, దీని దగ్గర కాసేపు ఆగుతాను.

2024లో షికాగో వైట్ సాక్స్ 121 మ్యాచ్‌లు ఓడిపోయింది. 1900 తర్వాత ఏ టీమూ ఒక్క సీజన్‌లో అన్ని ఓడలేదు. అలాంటి టీమ్‌లో ఉంటూ క్రోషే 146 ఇన్నింగ్స్‌లో 209 స్ట్రైకౌట్లు తీశాడు, అంటే మూడు స్ట్రైక్‌లతో అంతమంది బ్యాటర్లని అవుట్ చేశాడు. ఎడమచేతి వాటం, బంతి వేస్తే బుల్లెట్టే. జులైలోనే పంపించేస్తారని అందరం అనుకున్నాం. ట్రేడ్‌ల గడువు, డెడ్‌లైన్, వచ్చింది, పోయింది, ఏం జరగలేదు. వైట్ సాక్స్ ఫ్యాన్స్ తలలు పట్టుకున్నారు, మంచి బేరం చేజార్చుకున్నారని.

ఇక్కడే చాలామందికి తెలియని ఒక రూలు ఉంది. డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట, తీసుకున్న కుర్రాడిని ఆ ఏడాది వరల్డ్ సిరీస్ (సీజన్ ఫైనల్) అయ్యేదాకా ట్రేడ్ చెయ్యకూడదు. బోస్టన్ క్రోషే కోసం ఇచ్చిన నలుగురిలో బ్రేడెన్ మాంట్‌గోమరీ అనే అవుట్‌ఫీల్డర్ ఉన్నాడు. అతన్ని 2024 జులై డ్రాఫ్ట్‌లో 12వ నంబర్లో తీసుకున్నారు. అంటే జులైలో ఈ ట్రేడ్ ఈ రూపంలో కుదిరేదే కాదు. డిసెంబరు దాకా ఆగారు కాబట్టే ఆ పేరు బేరంలోకి వచ్చింది. పెసలు ఎప్పుడు చల్లాలో, మినుములు ఎప్పుడు చల్లాలో రైతుకి తెలిసినట్టే, ఈ ఆటలో ఏ నెలలో ఎవరు దొరుకుతారో తెలిసినవాళ్ళు ఉంటారు.

మిగతా ముగ్గురు కైల్ టీల్, చేజ్ మైడ్రాత్, వికెల్‌మన్ గోంజాలెజ్. టీల్ క్యాచర్. రోమన్ ఆంథొనీ, మార్సెలో మాయర్, క్రిస్టియన్ క్యాంప్‌బెల్‌తో కలిపి ఇతన్ని బోస్టన్ ఫ్యాన్స్ బిగ్ ఫోర్ అని ముద్దుగా పిలుచుకునేవాళ్ళు. వాళ్ళలో ఒకరు పోక తప్పదన్న భయం అందరికీ లోపల ఉంది, పైకి అనడానికి మాత్రం నోరు రాలేదు. లాబీలో పెద్దాయన నోటికీ ఆ పేరు రాలేదు. సొంత ఇంటి పిల్లాడి పేరు బేరంలో పెట్టడం ఎవరికైనా కష్టమే, నేను అర్థం చేసుకోగలను.

ఇంత ఎందుకు ఇచ్చారంటారా? క్రోషే ఫ్రీ ఏజెంట్ కావడానికి, అంటే నచ్చిన టీమ్‌తో ఒప్పందం చేసుకునే స్వేచ్ఛ రావడానికి, అప్పటికి ఇంకా రెండు సీజన్లు ఉన్నాయి. మేజర్ లీగ్‌లో ఆరేళ్ళ సర్వీసు పూర్తయ్యేదాకా ఆటగాడు టీమ్ చేతిలోనే ఉంటాడు, జీతమూ తక్కువే. 2025కి క్రోషే జీతం 38 లక్షల డాలర్లు. అదే మంగళవారం రాత్రి న్యూయార్క్ యాంకీస్ మ్యాక్స్ ఫ్రీడ్ అనే పిచ్చర్‌తో 8 ఏళ్ళకి 21 కోట్ల 80 లక్షల డాలర్లకి ఒప్పందం చేసుకుంది, అంటే ఏడాదికి సగటున 2 కోట్ల 70 లక్షల పైమాటే. ఇద్దరూ పెద్ద లెఫ్ట్ హ్యాండర్లే. ఆ తేడా అంతా బోస్టన్ కుర్రాళ్ళ రూపంలో కట్టింది.

ఫలితం? 2025లో క్రోషే 18 గెలుపులు, 255 స్ట్రైకౌట్లు. సీజన్ మొదట్లోనే 6 ఏళ్ళకి 17 కోట్ల డాలర్ల కొత్త కాంట్రాక్ట్ ఇచ్చి కట్టేసుకున్నారు. సెప్టెంబరు 30న యాంకీ స్టేడియంలో వైల్డ్ కార్డ్ (ప్లేఆఫ్స్ తొలి రౌండ్) మొదటి మ్యాచ్ చూశారా మీరు? 117 బంతులు వేశాడండీ. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లయ్యేదాకా నిలబడి 11 స్ట్రైకౌట్లు తీశాడు. బోస్టన్ 3-1తో గెలిచింది. తర్వాత సిరీస్ పోయిందనుకోండి, అయినా ఆ రాత్రి పిచ్చర్ నిలబడే ఆ మట్టిదిబ్బ మీద అతన్ని చూస్తుంటే నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అటు షికాగోలో టీల్, మైడ్రాత్ ఇద్దరూ 2025లోనే మేజర్స్‌కి వచ్చి రెగ్యులర్‌గా ఆడారు. 41 గెలుపుల టీమ్ 60కి వచ్చింది. ఇంకా 102 ఓటములు ఉన్నాయి, నిజమే. కానీ వాళ్ళకి ఇప్పుడు ఎదురుచూడ్డానికి మనుషులున్నారు. నా మాటగా చెప్తున్నాను, ఇది రెండు ఇళ్ళూ బాగుపడిన సంబంధం.

అవుట్‌ఫీల్డర్ కైల్ టక్కర్ సంగతి వేరు. మీటింగ్స్ ముగిసి అందరూ ఇళ్ళకి వెళ్ళాక, డిసెంబరు 13న, హ్యూస్టన్ ఆస్ట్రోస్ అతన్ని షికాగో కబ్స్‌కి పంపింది. టక్కర్ ఫ్రీ ఏజెంట్ కావడానికి మిగిలింది ఒక్క సీజనే. బదులుగా ఐజాక్ పరేడెస్, హేడెన్ వెస్నెస్కీ, కామ్ స్మిత్. టెక్సాస్‌లో నాకు తెలిసిన ఆస్ట్రోస్ అభిమానులు ఆ శుక్రవారం కోపంతో ఊగిపోయారు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఈ స్మిత్ ఎవడు, జులైలో డ్రాఫ్ట్ అయినవాడి కోసం టక్కర్‌ని ఇస్తారా" అని ఒక ఫ్రెండ్ నాకు ఫోన్ చేసి అరగంట అరిచాడు. ఆ స్మిత్ 2025 మొదటి మ్యాచ్‌కే రైట్ ఫీల్డ్‌లో నిలబడ్డాడు! కబ్స్ 92 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది, టక్కర్ గాయాలతో సతమతమయ్యాడు, సీజన్ అవ్వగానే ఫ్రీ ఏజెంట్ అయ్యాడు. ఆస్ట్రోస్ మాత్రం 2016 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్ చూడలేదు. ఎవరికి లాభం అన్నది తేలడానికి ఇంకో రెండేళ్ళు పడుతుంది, ఇప్పుడే తీర్పు చెప్పను.

అదే ఆస్ట్రోస్ సెయింట్ లూయిస్ నుంచి నోలన్ ఆరెనాడోని తెచ్చుకోవాలని చూసింది. రెండు టీమ్‌లూ ఒప్పుకున్నాయి. ఆరెనాడో దగ్గర నో ట్రేడ్ క్లాజ్ ఉంది, వద్దన్నాడు, అయిపోయింది. పెళ్ళిపెద్దలు ముహూర్తం పెట్టేసుకుంటే సరిపోదు కదా.

ఇక వాన్ సోటో మెట్స్‌తో 15 ఏళ్ళకి చేసుకున్న 76 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందం గురించి ఇప్పటికే అందరూ మాట్లాడేశారు. అది ట్రేడ్ కూడా కాదు, దాన్ని వదిలేస్తున్నాను.

పుకార్లు మనల్ని ఎంత దూరం తీసుకెళ్తాయో చూడాలంటే రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 2023 డిసెంబరు 8న జపాన్ స్టార్ షోహే ఒటాని టొరాంటో వెళ్తున్నాడని వార్త వచ్చింది. కాలిఫోర్నియాలో బయల్దేరిన ఒక ప్రైవేట్ విమానాన్ని వేలమంది ఫోన్లలో ఫాలో అయ్యారు. విమానం దిగింది, లోపలి నుంచి కెనడా వ్యాపారవేత్త రాబర్ట్ హెర్జావెక్ బయటికి వచ్చారు. మర్నాడు ఒటాని తనే లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి వెళ్తున్నానని ప్రకటించాడు. అంతకుముందు ఏడాది శాన్ డియేగో మీటింగ్స్‌లో స్టార్ బ్యాటర్ ఆరన్ జడ్జ్ శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కి వెళ్తున్నట్టుందని ఒక ట్వీట్ వచ్చింది, కాసేపటికే వెనక్కి తీసుకున్నారు. ఆ కాసేపట్లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఎంతమంది పిల్లలు గంతులేసి ఉంటారో ఆలోచించండి. ఇలాంటి రాత్రులు ఫ్యాన్స్‌కి నిజంగా బాధ. నేను దీన్ని తేలిగ్గా తీసుకోలేను.

వాసన కూడా బయటికి రాని ట్రేడ్‌లు కూడా ఉంటాయి. 1990 డిసెంబరులో శాన్ డియేగో పాడ్రెస్, టొరాంటో బ్లూ జేస్ ఇద్దరికి ఇద్దరు స్టార్లను మార్చుకున్నాయి. రొబెర్టో అలోమార్, జో కార్టర్ టొరాంటోకి, ఫ్రెడ్ మెగ్రిఫ్, టోనీ ఫెర్నాండెజ్ శాన్ డియేగోకి. అందరూ నోరెళ్ళబెట్టారు. 1992, 1993 రెండేళ్ళూ వరల్డ్ సిరీస్ టొరాంటోదే, రెండోది గెలిపించిన ఆఖరి హోమ్ రన్ కార్టర్‌దే.

ఇప్పుడు నా టీమ్. నేను టెక్సాస్ రేంజర్స్ మనిషిని. ఆ మంగళవారం రాత్రే మయామీ నుంచి జేక్ బర్గర్ వస్తున్నాడని తెలిసింది. మొదటి బేస్, మూడో బేస్ ఆడతాడు. లాబీలో చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. కారెక్కాక ఆలోచన వచ్చింది. మొదటి బేస్‌లో మనకి నథానియెల్ లో ఉన్నాడు కదా, మరి అతను? ఇంటికి వచ్చి మా ఆవిడతో అన్నాను, నథానియెల్‌ని పంపించేస్తారేమో అని. తను మెల్లగా "బాబు ముందు అనకండి" అంది. మావాడికి నథానియెల్ అంటే ప్రాణం. 2023లో మా టీమ్ మొట్టమొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు మొదటి బేస్‌లో ఉన్నది అతనే. ఆ జెర్సీ వేసుకునే పడుకునేవాడు మావాడు.

డిసెంబరు 22న వాషింగ్టన్ నేషనల్స్‌కి వెళ్ళిపోయాడు నథానియెల్. బదులుగా రాబర్ట్ గార్సియా అనే రిలీవర్ (మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్) వచ్చాడు. నా ఊహ అక్షరాలా నిజమైంది, కానీ సంతోషం లేదు. మావాడు జెర్సీ మడతపెట్టి డ్రాయర్ అడుగున పెట్టాడు. ఏడవలేదు. "నాన్నా, వాషింగ్టన్ ఇక్కడికి ఎప్పుడొస్తుంది?" అని మాత్రం అడిగాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 2025 డిసెంబరు పుకార్లలో అందరి నోట్లో నానుతున్న పేరు టారిక్ స్కూబల్. డెట్రాయిట్ టైగర్స్ పిచ్చర్, 2024లో, 2025లో వరుసగా రెండు సై యంగ్ అవార్డులు, అంటే లీగ్‌లో మేటి పిచ్చర్‌కి ఇచ్చేవి. 2026 సీజన్ అయితే ఫ్రీ ఏజెంట్. అంటే క్రోషే లాగా రెండు సీజన్లు కాదు, టక్కర్ లాగా ఒక్కటే. ప్రతి టీమ్ ఫ్యానూ అతన్ని తన టీమ్ జెర్సీలో ఊహించుకుంటున్నాడు. నాకు పంపే ట్రేడ్‌లన్నీ ఒకేలా ఉంటున్నాయి: మాకు స్కూబల్, వాళ్ళకి మాకు అక్కర్లేని ముగ్గురు.

ఒక్కసారి డెట్రాయిట్ కుర్చీలో కూర్చోండి. అక్టోబరు 10న సియాటిల్‌లో 15 ఇన్నింగ్స్ ఆడి ఓడి ఇంటికొచ్చిన టీమ్ అది. ఆ మ్యాచ్‌లో స్కూబల్ 6 ఇన్నింగ్స్‌లో 13 మందిని స్ట్రైకౌట్ చేశాడు. గుమ్మం దాకా వచ్చినవాళ్ళు గుమ్మానికి కాపలా ఉన్నవాడిని అమ్ముకుంటారా? అమ్మాలంటే 2026లోనే టైగర్స్ మైదానంలో దిగగలిగే పిచ్చర్ ఒకడు ముందు కనపడాలి, తర్వాతే ప్రాస్పెక్ట్‌ల (రాబోయే కుర్రాళ్ళ) పేర్లు. ఒక్క సీజన్ కోసం అంత ఇచ్చే టీమ్ అరుదు. అందుకే నా అంచనా, ఈ చలికాలం అతను డెట్రాయిట్‌లోనే ఉంటాడు.

నేను తప్పని మీకనిపిస్తే మీ ట్రేడ్ కింద రాయండి, అన్నీ చదువుతాను. స్కూబల్ పేరు రెండో లైన్లో రాయండి. మొదటి లైన్లో, మీ టీమ్ నుంచి పోతే మీ ఇంట్లో పిల్లలు జెర్సీ మడతపెట్టుకునే ఆటగాడు ఎవరో, ఆ పేరు రాయండి.