“అన్నా, ఏం చేయమంటారు?” అనే ఫోన్లు తగ్గాలంటే

నమస్కారమండీ. ఈ వీడియో సూపర్‌వైజర్ల కోసం. ఉదాహరణకి మన విజయవాడ ఆటోనగర్‌లోని లారీ షెడ్డునే తీసుకుంటున్నాను. బీసెంట్ రోడ్డు బట్టల షాపులో ఫ్లోర్ చూసుకునేవాళ్లకీ, గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పని చేయించేవాళ్లకీ కూడా ఇది పనికొస్తుంది.

ముందు ఒక మాట. జీతం టైముకి ఇవ్వకుండా, మే నెల ఎండలో రేకుల కింద ఫ్యానూ చల్లటి నీళ్లూ పెట్టకుండా మోటివేషన్ గురించి చెబితే ఎవరూ వినరు. వినాల్సిన పనీ లేదు. అమెరికాలో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే సైకాలజిస్టు ఇంజనీర్లతో, అకౌంటెంట్లతో మాట్లాడి, 1959లో ఒక విషయం బయటపెట్టారు. జీతం, పనిచేసే చోటు బాగోకపోతే అసంతృప్తి పుడుతుంది. బాగుంటే అది తగ్గుతుంది, అంతే. పని మీద ఇష్టం పెంచేవి వేరే ఉన్నాయి: సాధించామన్న తృప్తి, గుర్తింపు, బాధ్యత. ఇవాళ ఆ బాధ్యత సంగతే చూద్దాం.

లారీ బ్రేకు కంప్లయింటుతో వచ్చింది. మెకానిక్ వెనక చక్రం విప్పి బ్రేకు డ్రమ్ము తీశాడు. హబ్ సీలు, అంటే చక్రం లోపలి ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు, కారి లైనర్లు, అంటే డ్రమ్ముకి రుద్దుకుని చక్రాన్ని ఆపే బ్రేకు పట్టీలు, ఆయిల్‌లో తడిసిపోయాయి. మార్చాలని అతనికి చూడగానే తెలుసు. అయినా మీకే ఫోన్: “అన్నా, ఏం చేయమంటారు?” మీరు స్పేర్ పార్టుల షాపులో ఉండి ఎత్తలేదు. లారీ స్టాండ్ల మీదే ఉంది, డ్రైవర్‌కి లోడు టెన్షన్, మెకానిక్ ఖాళీగా కూర్చున్నాడు. దాన్ని బద్ధకం అనుకోకండి. కిందటిసారి అడక్కుండా మార్చినందుకు తిన్న చీవాట్లు అతనికింకా గుర్తున్నాయి.

అందుకే అతనికి ఒక హద్దు అంకెలో చెప్పండి. “రెండు వేల రూపాయల లోపు సామాను అయితే కస్టమర్‌ని అడిగి, జాబ్ కార్డులో (బండికి చేసే పని రాసే కార్డు) రాసి మార్చేయండి. అది దాటితేనే నాకు ఫోన్ చేయండి.” ఎంత అన్నది మీ షెడ్డుని బట్టి మీరే అనుకోండి. “చూసి చేసెయ్” అంటే మాత్రం కుదరదు, మళ్లీ ఫోనే వస్తుంది.

ఎక్కువ మంది ఇక్కడే ఆగిపోతారు. స్టోరు కుర్రాడికి చెప్పడం మరచిపోతారు. మెకానిక్ సీలు అడిగితే అతను “సార్ చెప్పారా?” అంటాడు. అంతే, మీరిచ్చిన అధికారం ఆ కౌంటర్ దగ్గరే పోయింది. అలాగే బండి ఓనరు నేరుగా మీకు ఫోన్ చేస్తే “మా మెకానిక్ బాబాయ్ చూస్తున్నారు, ఆయనతోనే మాట్లాడండి” అనండి. ఆ మాట పక్కనున్న మెకానిక్ చెవిన పడితే ఇంకా మంచిది.

ఆ డబ్బు హద్దు సామాను మార్చడానికే. బ్రేకు, స్టీరింగ్ బాగోలేవని బండి ఆపడానికి మాత్రం ఏ హద్దూ పెట్టొద్దు. అనుమానం వస్తే నిన్న చేరిన హెల్పరైనా బండి బయటికి వెళ్లకుండా ఆపొచ్చని అందరి ముందూ చెప్పండి. టయోటా ఫ్యాక్టరీల్లో ఇలాంటి పద్ధతే ఉంది. తేడా కనిపిస్తే లైన్లో పనిచేసే ఎవరైనా తాడు లాగొచ్చు, లేదా బటన్ నొక్కొచ్చు, టీమ్ లీడర్ అతని దగ్గరికే వస్తాడు. సమస్య తేలకపోతే లైను ఆగుతుంది. మీ దగ్గర హెల్పర్ అనుమానం తప్పని తేలినా విసుక్కోకండి. ఒక్కసారి విసుక్కుంటే ఇంకెవరూ నోరు తెరవరు.

నిర్ణయం తప్పితే ఏం చేయాలి? జీతంలో కోయకండి. పక్కకి పిలిచి “ఏం చూసి మార్చాలనుకున్నావు?” అని అడగండి, చెప్పేదాకా ఆగండి. బాగా చేస్తే శభాష్ అని వదిలేయకుండా, “సీలుతో పాటు డ్రమ్ము మీద గీతలు కూడా పట్టుకున్నారు బాబాయ్” అని కస్టమర్ ముందే అనండి.

శనివారం సాయంత్రం ఆ వారం జాబ్ కార్డులు వాళ్లతో కూర్చుని చూడండి. నిర్ణయాలు నిలకడగా ఉన్నవాళ్లకి హద్దు పెంచండి. ఒకరికి పెంచి ఇంకొకరికి పెంచకపోతే, ఎందుకో ఆ రెండో మనిషికి ముందు మీరే చెప్పండి. టీ కొట్టు దగ్గర ఇంకెవరి నోటో అతను వినకూడదు.