పిన్నీ, ఇవాళ శ్మశానం వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఆదివారం సెలవు దొరికితే ఎక్కడికి తిరుగుతావురా, వీడియో పెట్టు అని మా పిన్ని ఒకటే గొడవ. పిన్నీ, ఇవాళ శ్మశానానికి వచ్చాను. కంగారు పడకు, మొత్తం చూడు.

ఇంగ్లండ్‌లో డాంకాస్టర్ నుంచి ఎడ్లింగ్టన్ అనే ఊరికి బస్సెక్కాను. టికెట్టు 3 పౌండ్లు, అంటే మన డబ్బుల్లో 350 పైనే. పల్లెవెలుగు గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దిగేటప్పుడు అందరూ డ్రైవర్‌కి థాంక్స్ చెబుతారు, నాకూ అలవాటైపోయింది. ఇక్కడి శ్మశానం చూడండి, గడ్డి నీట్‌గా కత్తిరించి పార్కులా ఉంచారు. అదిగో, ఆ పెద్దాయన కుక్కని తిప్పుతున్నాడు. ఆ బెంచీ మీద ఆవిడ ఫ్లాస్కులో టీ తెచ్చుకుంది. మన దగ్గరైతే వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొచ్చి, గుమ్మం బయటే కాళ్ళు కడుక్కుంటాం కదా.

సరే, నేనొచ్చింది ఈ సమాధి కోసం. ఆర్థర్ వార్టన్, ప్రపంచంలో తొలి నల్లజాతి ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అంటారు. పుట్టింది 1865లో, ఇప్పటి ఘనా రాజధాని అక్రాలో. 1882లో మత బోధకుడు అవుదామని చదువుకి ఇంగ్లండ్ వచ్చి ఆటల్లో పడ్డాడు. మాస్టర్స్‌కి వచ్చి వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టు చేసే నాకు ఇది వేరే చెప్పాలా? 1886లో లండన్‌లో 100 గజాలు 10 సెకన్లలో పరిగెత్తాడు. అంత పరుగున్న మనిషిని గోల్‌కీపర్‌గా నిలబెట్టారు, చూడండి మరి!

ఆ రోజుల్లో గోల్‌కీపర్‌ని భుజాలతో గుద్ది పడేసినా తప్పు కాదు. ఒక మ్యాచ్‌లో ఈయన ఎగిరి గోల్ పైనుండే అడ్డకర్ర పట్టుకుని వేలాడుతూ బంతిని కాళ్ళ మధ్య ఇరికించుకున్నాడట. దూసుకొచ్చిన ముగ్గురూ వెళ్ళి నెట్‌లో పడ్డారని ఆ మ్యాచ్ చూసినాయన చెప్పాడు. నేను మా హాల్లో తలుపు కమ్మీ పట్టుకుని ట్రై చేశాను, ఆ క్లిప్ మాత్రం పెట్టను.

రోథర్‌హామ్ టౌన్ అనే జట్టుకి జీతం మీద ఆడాడు, తర్వాత షెఫీల్డ్ యునైటెడ్, ఇంకా చిన్నా చితకా జట్లు. 1901లో ఆటగాళ్ళ జీతానికి వారానికి 4 పౌండ్లు గరిష్ఠం అన్నారు. అంటే నా బస్సు టికెట్టు పోను ఒక్క పౌండు మిగులుతుంది! 1902లో ఆట ఆపేశాక ఇక్కడి బొగ్గు గనిలో పనిచేశాడు. 1930లో చేతిలో పైసా లేకుండా చనిపోతే, పేరు కూడా లేని గోతిలో పూడ్చారు. ఈ రాయి 1997లో పెట్టారు. అప్పటిదాకా ఇక్కడ ఎవరున్నారో చెప్పే గుర్తే లేదు.

ఎవరో తాజాగా పూలు పెట్టి వెళ్ళారు. నేనేమీ తేలేదు, కాసేపు అలా నిలబడ్డాను.

ఒక్క నిమిషం, అమ్మ ఫోను. "ఏరా, ఇంట్లోకి వెళ్ళేముందు తలస్నానం చెయ్యి" అంటోంది. అమ్మా, ఇక్కడ గుమ్మం బయట కుళాయి ఎక్కడుందే?