ధర్మానికి అని రాస్తే చాలదు

అందరికీ నమస్కారం. వీలునామాలో దానం ఎట్లా రాయాలో చెప్పడానికి ఈరోజు మా జేజి మాటతో మొదలుపెడతా.

కర్నూలులో కొండారెడ్డి బురుజుకు పోయే దారిలో, ఉగాది దాటగానే మా జేజి చలివేంద్రం పెట్టేది. నాలుగు కుండలు, కింద ఇసుక, పైన తడిగుడ్డలు. ఎండ మరీ ముదిరితే మజ్జిగ కూడా. కర్నూలు ఎండ సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. చేతికున్న రెండు గాజులు చూపించి, "నేను పోయినాక ఇవి అమ్మి, ఆ దుడ్డుతో చలివేంద్రం నిలబెట్టండిరా" అని మా నాయనకూ చిన్నాయనకూ ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు.

ఆమె పోయింది. ఒక గాజు మా అమ్మకు, ఒకటి మా చిన్నమ్మకు వచ్చినాయి. ఎవరికీ దురాశ లేదు, ఆ మాట గట్టిగా చెప్తా. మొదటి ఏడు చలివేంద్రం పెట్టినారు. రెండో ఏడు మా చెల్లెలి పెండ్లి. మూడో ఏడు కుండలే కొనలేదు. ఆ దారిలో ఎండాకాలం పోయినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది. ఆమె చెప్పింది అందరమూ విన్నాము. కాగితం మీద మాత్రం ఎవరమూ పెట్టలేదు.

పోయిన నెల ఆదోని నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ అడిగినారు. "ఇద్దరు కొడుకులు, ఒక కూతురు నాకు. వీలునామాలో కొంత ఒక అనాథాశ్రమానికి రాయాలని ఉంది. పిల్లల నోటికాడ కూడు లాగినట్టు అవుతుందా?" అని. కాదమ్మా. ఇల్లూ పొలమూ పిల్లలకే రాయండి. డిపాజిట్లలో పదో వంతు ఆశ్రమానికి రాయండి. వంతుగా రాస్తే ఒక మేలుంది. రేపు మీ ఆస్పత్రి ఖర్చులకు డిపాజిట్ సగం కరిగిపోయిందనుకోండి, పిల్లల వాటాతో పాటే ఆశ్రమం వాటా కూడా తగ్గుతుంది. అదే రెండు లక్షలని అంకె వేస్తే, అప్పుడు పిల్లలకు నిజంగానే కష్టమనిపిస్తుంది.

స్వార్జితమైతే మీ ఇష్టం, ఎవరికైనా రాయొచ్చు. పిత్రార్జితంలో మీ భాగం వరకే. డీకేటీ పట్టా భూమి, అంటే సర్కారు పట్టా ఇచ్చిన భూమి అయితే దానికి వేరే నిబంధనలున్నాయి, వకీలును అడగకుండా ఆ సర్వే నంబరు వీలునామాలో ఎక్కించొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. మనవాళ్లు చాలామంది "మిగిలింది ధర్మానికి" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. మనకు అర్థం స్పష్టంగానే ఉంటుంది: అన్నం, నీళ్లు, చదువు, గుడి. కోర్టుకు మాత్రం అది చాలదు. 1899లో ప్రీవీ కౌన్సిల్, అంటే ఇంగ్లీషోళ్ల కాలంలో లండన్‌లో ఉండిన మన పైకోర్టు ముందుకు బొంబాయి వైపు నుంచి ఇలాంటి వీలునామానే వచ్చింది. ధర్మం అనే మాట మరీ విశాలమైనది, ఏ పనికి ఖర్చు పెట్టాలో తేల్చలేము అని ఆ దానాన్నే చెల్లదన్నారు. రాసినాయన మనసులో ఏముండిందో పాపం, ఆయనతోనే పోయింది. కాబట్టి సంస్థ పేరు రిజిస్ట్రేషన్ కాగితంలో ఎట్లుందో అట్లే రాయండి. ఊరు రాయండి, రిజిస్ట్రేషన్ నంబరు రాయండి. ఏ పనికో రాయండి. "ఆ సంస్థ అప్పటికి లేకపోతే, ఈ జిల్లాలో అదే పని చేసే ఇంకో సంస్థకు" అని ఒక వాక్యం చేర్చండి. ఆ వాక్యం నేను ఎన్ని వీలునామాల్లో వెతికినా కనపడలేదు.

రాసినంత మాత్రాన అయిపోదు, జరిపించే మనిషి కావాలి. మద్రాసులో పచ్చయప్ప కాలేజీ పేరు వినే ఉంటారు. పచ్చయప్ప మొదలియార్ తన ఆస్తిని ధర్మకార్యాలకు రాసి 1794లో పోయినాడు. ఆ సొమ్ము ఏండ్ల తరబడి వ్యాజ్యాల్లో నలిగింది. చివరికి కోర్టు కలగజేసుకుంటే, ఆ డబ్బుతో బడి తెరిచింది 1842లో. నలభై ఎనిమిదేండ్లు! అంత పెద్ద ఆస్తికే అట్లయితే మన రెండు గాజుల గతి ఏంది? అందుకే వీలునామాలోనే ఎగ్జిక్యూటర్‌గా ఒకరి పేరు పెట్టండి. మీకన్నా చిన్న వయసు, లెక్కలో నిక్కచ్చి, మీ పిల్లలు మాట వినే మనిషి. ముందే అడిగి ఒప్పించండి.

పద్ధతి చానా సులువు. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. మీ సంతకమో వేలిముద్రో, ఇద్దరు సాక్షుల సంతకాలు. వాటా వచ్చేవాళ్లను సాక్షులుగా పెట్టొద్దు. ఆశ్రమం నడిపే ఆయనను అసలే పెట్టొద్దు, రేపు ఆయనే దగ్గరుండి రాయించుకున్నాడంటారు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించమనే నేను చెప్తా. బతికున్నంతవరకు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

బ్యాంకులో నామినీని పెట్టినాము కదా, చాలదా అంటారు. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, అంతే. వారసుల హక్కు దానితో పోదు. పైగా డిపాజిట్‌కు నామినీగా మనిషినే పెట్టాలి, ట్రస్టును పెట్టనివ్వరు. ఆశ్రమానికి చేరాలంటే వీలునామానే దారి.

మన కర్నూలు, కడపల్లో ముస్లిం కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఇదీ చెప్పాలి. అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోను మిగిలినదాంట్లో మూడో వంతు వరకే వసీయత్, అంటే వీలునామా చేయొచ్చు. అంతకు మించితే వారసులు ఒప్పుకోవాలి. ఇక దగ్గరి బంధువులున్న క్రైస్తవులు ధర్మకార్యానికి రాయాలంటే, చనిపోవడానికి కనీసం ఏడాది ముందే వీలునామా రాసి ఉండాలనే షరతు ఒకటి 1925 వారసత్వ చట్టంలో ఉండేది. 2003లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇంకా ఆ భయంతో ఆగిపోయినవాళ్లుంటే ఆగాల్సిన పని లేదు.

ఒక్క దానం మాత్రం వీలునామాకే వదిలేయొద్దు: కళ్లు, శరీరం. మన ఇండ్లల్లో వీలునామా పెట్టె తెరిచేది దినాలు అయినాకే. కళ్లు తీసుకోవాల్సింది ఆరు గంటల్లోపు. కర్నూలు మెడికల్ కాలేజీకి శరీరం ఇవ్వాలన్నా ఇంట్లోవాళ్లు ఆ పూటే కబురు పెట్టాలి. ఇది నోటితోనే, ఇప్పుడే, అందరి ముందర చెప్పండి.

నేను పోయిన సంక్రాంతికి నా వీలునామా రాసినా. మా అమ్మ చేతి నుంచి నా చేతికి వచ్చిన జేజి గాజు ఒకటుంది. దాన్ని అమ్మగా వచ్చిన సొమ్ము ఒక రిజిస్టరైన సేవా సంఘానికి, ఆ వడ్డీతో ఏటా ఎండాకాలం చలివేంద్రం పెట్టడానికి అని పేరూ నంబరూ వేసి రాసినా. సంతకాలు కాకముందే పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చదివి వినిపించినా. పెద్దోడు ఏమీ అనలేదు. చిన్నది కాసేపు గాజు తిప్పి చూసి, "నువ్వు పోయేదాకా ఎందుకమ్మా ఆగేది, ఈ ఏడు కుండలు నేను కొంటా" అనింది. మొన్న నాలుగు కుండలు తెచ్చింది. ఇసుక ఇంకా రావాల.