బ్రేకు తీస్తేనే జీతం

అందరికీ నమస్కారం. పైలట్ అనగానే లక్షల జీతం, స్టార్ హోటల్ అనుకుంటారు, నేనూ అలాగే అనుకునే వచ్చాను. అమెరికాలో ఒక రీజనల్ ఎయిర్‌లైన్‌లో, అంటే పెద్ద కంపెనీల తరఫున చిన్న రూట్లు నడిపే కంపెనీలో, ఫస్ట్ ఆఫీసర్‌గా (కో-పైలట్‌గా) చేరాక తెలిసింది ఏంటంటే, తలుపు మూసి పార్కింగ్ బ్రేకు తీసినప్పుడే మా జీతం గంటలు మొదలవుతాయి, అవతలి గేటు దగ్గర బ్రేకు వేయగానే ఆగిపోతాయి. దీన్నే బ్లాక్ టైమ్ అంటారు. వానలో టార్చి పట్టుకుని విమానం చుట్టూ తిరుగుతూ టైర్లు చూసుకోవడం, ఫ్లైట్ ప్లాన్ చదువుకోవడం, మీరంతా ఎక్కి బ్యాగులు సర్దుకోవడం, చాలా కంపెనీల్లో ఇవేవీ లెక్కలోకి రావు. విమానం లేటైందని గేటు దగ్గర మమ్మల్ని గుర్రుగా చూస్తుంటారే, ఆ రెండు గంటలు మాకూ దండగే! ఏదో చిన్న భత్యం ఇస్తారు, అది తిండికి సరిపోతే గొప్ప.

కాబట్టి గంట రేటు చూసి మురిసిపోకండి. 2022లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత రీజనల్ కంపెనీలు ఎన్వాయ్, పీడ్‌మాంట్, పీఎస్ఏ కొత్త ఫస్ట్ ఆఫీసర్‌కి గంటకు 90 డాలర్లు చేశాయి. వినగానే అందరూ నెలకు 160 గంటలతో గుణించేస్తారు, గ్యారంటీగా ఇచ్చేది మాత్రం సుమారు 75 గంటలకే, అంటే 6,750 డాలర్లు. తక్కువేం కాదు, ఒప్పుకుంటా. కానీ పైలట్లు దొరక్క సర్వీసులు ఆగిపోయే దాకా ఎవరికీ ఆ బుద్ధి పుట్టలేదు, అంతకుముందు ఇరవై డాలర్ల చిల్లరకే ఇదే సీట్లో కూర్చున్నవాళ్లున్నారు.

ఈ తక్కువ జీతాల రోజుల్లోనే, 2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫెలో దగ్గర కోల్గన్ అనే రీజనల్ కంపెనీ విమానం, ఫ్లైట్ 3407, కూలి 50 మంది పోయారు. విమానం స్టాల్ అవబోతోందని, అంటే రెక్కలు ఇక గాల్లో మోయలేవని, హెచ్చరిక వస్తే కెప్టెన్ ముందుకు తొయ్యాల్సిన కంట్రోల్ వెనక్కి లాగడం అసలు కారణమని దర్యాప్తు తేల్చింది. దాంతో పాటే బయటపడిన సంగతి, ఫస్ట్ ఆఫీసర్ ముందురోజు రాత్రంతా కార్గో విమానాల్లో సియాటిల్ నుంచి నెవార్క్‌కి వచ్చి డ్యూటీ ఎక్కింది. ఆ తర్వాతే చట్టం మారింది: ఎయిర్‌లైన్‌లో చేరాలంటే మామూలుగా 1,500 గంటలు ఎగిరి ఉండాలి, 2014 నుంచి డ్యూటీకి ముందు 10 గంటల విశ్రాంతి. బాగుంది. అయితే ఇంటి నుంచి బేస్‌కి, అంటే మా డ్యూటీ మొదలయ్యే ఊరికి, వచ్చే ప్రయాణం ఇప్పటికీ మా సొంత టైమే.

బేస్ ఉన్న ఊరికి ఇల్లు మార్చుకోవచ్చుగా అంటారు, ఆ బేస్ రేపు మూసేస్తే? అందుకే క్రాష్ ప్యాడ్, అంటే బేస్ దగ్గర పైలట్లం కలిసి అద్దెకు తీసుకునే గది. ఒక్క గదిలో మూడు బంకు మంచాలు, గుడ్డ కర్టెన్, ఫ్రిజ్‌లో పాలడబ్బా మీద కూడా పేరు రాసుకోవాలి. మంచం ముందొచ్చినవాడిది, దుప్పటి ఎవరిది వాళ్లదే. తెల్లవారుజామున నాలుగింటికి ఒకడి అలారం మోగితే ఆరుగురం లేస్తాం.

పోనీ వేరే కంపెనీకి మారదామంటే సీనియారిటీ నంబరు, అంటే కంపెనీలో ఎవరు ముందు చేరారో చెప్పే వరుస, వెంట రాదు, పదేళ్ల కెప్టెన్ అయినా అక్కడ నిన్న చేరిన కుర్రాడి కిందే.

సరే, ప్రశ్నలుంటే అడగండి. ఫ్రీ టికెట్లు వస్తాయా అని మాత్రం అడగొద్దు. వస్తాయి, సీటు మిగిలితే.