కుష్టు మందులు వాడుతుంటే ఒక్క కాలే వాచిందా? టేప్ తీసి కొలవండి

[స్క్రీన్ మీద: పిక్క చుట్టూ టైలర్ టేప్]

మోకాలి చిప్ప కింద ఎముక కొంచెం ఉబ్బుగా తగులుతుంది కదా, అక్కడ్నించి పది సెంటీమీటర్లు కిందకి వచ్చి పిక్క చుట్టూ టేప్ తిప్పండి, రెండో కాలికీ అంతే. తేడా 3 సెంటీమీటర్లు దాటితే డాక్టర్లకి అనుమానం వస్తుంది, లోపలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టిందేమో అని. తేడా అంతకంటే తక్కువే ఉన్నా, ఒక్క కాలే కొత్తగా వాచింది అంటే చూపించుకోవాల్సిందే.

ముందే చెప్తున్నా, కుష్టుకి ఫ్రీగా ఇచ్చే ఎండీటీ ప్యాకెట్ ఉంది చూశారూ, రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్, గొడవ దాంతో కాదు. ఈ వీడియో చూసి అది ఆపేశారంటే నాకు పాపం చుట్టుకుంటుంది.

గొడవ రియాక్షన్‌తో. ఒంట్లో క్రిములు బాగా ఎక్కువ ఉన్నవాళ్ళలో కొంతమందికి ట్రీట్‌మెంట్ మధ్యలోనో, కోర్సు అయిపోయాకో చర్మం మీద ఎర్రటి బుడిపెలు, జ్వరం, నరాల నొప్పులు వస్తాయి, దీన్నే ఈఎన్ఎల్ అంటారు. దానికి ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు, అది తగ్గించగానే మళ్ళీ తిరగబెడుతుంటే థాలిడోమైడ్ కలుపుతారు. అవును, గర్భిణులు వేసుకుంటే పిల్లలు చేతులూ కాళ్ళూ సరిగ్గా లేకుండా పుట్టారని 1961లో మార్కెట్ నుంచి తీసేసిన మందే! జెరూసలేంలో షెస్కిన్ అనే డాక్టర్ నిద్ర పట్టని కుష్టు పేషెంట్లకి నిద్రమాత్రగా ఇస్తే రియాక్షన్ తగ్గిపోయింది, అలా మళ్ళీ బతికింది.

ఈ థాలిడోమైడ్ ఒక్కటే వాడితే రక్తం గడ్డకట్టే రిస్క్ తక్కువే, స్టెరాయిడ్‌తో కలిస్తే పెరుగుతుంది. అసలే రియాక్షన్ వల్ల ఒళ్ళంతా వాపు మీదుంటుంది, రక్తం గడ్డకట్టడానికి రెడీగా ఉంటుంది, పైగా జ్వరంతో మంచం దిగరు, ఇక చెప్పాలా.

చిక్కేంటంటే ఈఎన్ఎల్‌లో కాళ్ళు మామూలుగానే వాస్తాయి, అందుకే "జబ్బు వాపేలే" అని వదిలేస్తారు. స్పర్శ తగ్గిన కాలైతే నొప్పి కూడా సరిగ్గా తెలియకపోవచ్చు. అందుకే టేప్. డాప్లర్ అని, రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతుందో చూసే స్కాన్ ఉంది, అందులో గడ్డ తెలిసిపోతుంది. సడెన్‌గా ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం... ఇలా ఉంటే గడ్డ ఊపిరితిత్తులకి వెళ్ళిందేమో, ఆలోచించకుండా 108కి కొట్టండి.

ఆడవాళ్ళకి ఇంకో మెలిక. థాలిడోమైడ్ వాడేటప్పుడు గర్భం అస్సలు రాకూడదు, అలాగని ఈస్ట్రోజెన్ ఉన్న పిల్స్ వేసుకుంటే అవీ గడ్డ రిస్క్ పెంచేవే, పైగా రిఫాంపిసిన్ వాటి పవర్ తగ్గిస్తుంది. కాబట్టి వేరే పద్ధతి ఏంటో డాక్టర్‌ని అడగండి, సిగ్గుపడొద్దు అక్కా. మగవాళ్ళు కూడా కండోమ్ వాడాలి, మందు వీర్యంలోకి వస్తుంది.

గడ్డ ఉందని తేలితే రక్తం పలచబడే మందులు ఇస్తారు, వార్ఫరిన్ లాంటివి. రిఫాంపిసిన్ వీటినీ పనిచెయ్యనివ్వదు, నెలకొక్క డోసే కదా అని దాచకండి. స్టెరాయిడ్ కూడా సొంతంగా టక్కున ఆపొద్దు. ఇంట్లో ఉన్న స్ట్రిప్‌లన్నీ, ఖాళీవి కూడా, ఒక కవర్లో వేసుకెళ్ళి డాక్టర్ టేబుల్ మీద పెట్టండి.