థర్మోకపుల్‌లో వేడిని కొలిచేది కొస కాదు, తీగ మొత్తం

[స్క్రీన్ మీద: లాడిల్‌లో కరిగిన స్టీల్, లాన్స్ ముంచుతున్న ఆపరేటర్]

అందరికీ నమస్తే అండి. థర్మోకపుల్ అంటే రెండు వేర్వేరు లోహాల తీగల్ని ఒక కొసన కలిపి, వాటిలో పుట్టే చిన్న వోల్టేజ్‌తో వేడిని కొలిచే సాధనం. ఈ లాడిల్‌లో, అంటే ఈ పెద్ద పాత్రలో ఉన్న స్టీల్ దగ్గర దగ్గర 1600 డిగ్రీలు. మన విశాఖ స్టీల్ ప్లాంట్ లాంటి ఏ మెల్టింగ్ షాప్‌కి వెళ్ళినా ఇదే పని, లాన్స్ అనే పొడుగాటి కడ్డీ చివర ఒక అట్ట గొట్టం తగిలించి ముంచుతారు, నాలుగైదు సెకన్లలో టెంపరేచర్ వచ్చేస్తుంది, కొస పనైపోతుంది, దాన్ని పీకేసి ఇంకోటి పెడతారు.

[క్లోజప్: అట్ట గొట్టం కొస]

కొసలో యు ఆకారంలో చిన్న క్వార్ట్జ్ గొట్టం ఉంది చూడండి, దాంట్లో వెంట్రుకంత సన్నటి తీగలు రెండు, ఒకటి ప్లాటినం, రెండోది ప్లాటినంలో 10 శాతం రోడియం కలిపింది, దీన్నే టైప్ ఎస్ అంటారు. 1600 డిగ్రీల దగ్గర కూడా ఇది ఇచ్చేది 17 మిల్లీవోల్టుల లోపే, అక్కడ ఒక్కో డిగ్రీకి మారేది సుమారు 12 మైక్రోవోల్టులే. అంత చిన్న సిగ్నల్ మీద హీట్, అంటే ఒక దఫా కరిగించిన స్టీల్ మొత్తం ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. రెండు తీగలు కలిసిన చోట వోల్టేజ్ పుడుతుందని చాలామంది అనుకుంటారు, కాదండి. తీగ పొడుగునా ఎక్కడ వేడి మారుతుంటే అక్కడ పుడుతుంది, ఫర్నేస్‌లో అయితే ఎక్కువ భాగం గోడ దాటే ఆ ముక్కలోనే. అందుకే తీగ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకేలా ఉండాలి, మధ్యలో కాస్త ఇనుము అంటినా, గట్టిగా వంగినా రీడింగ్ తప్పుతుంది. తయారీలో కష్టమంతా దీనికోసమే.

[ఫ్యాక్టరీ షాట్: డ్రాయింగ్ బెంచ్]

ఫర్నేసుల్లో ఎక్కువగా వాడే టైప్ కె తీసుకుందాం, క్రోమెల్, అల్యూమెల్ అనే రెండు నికెల్ మిశ్రమాల తీగలు. రెండేసి రంధ్రాలున్న మెగ్నీషియం ఆక్సైడ్ పూసల్లో తీగలు ఎక్కించి, ఇంకోనెల్ అనే నికెల్ మిశ్రమం ట్యూబ్‌లో దూర్చి, డైల గుండా, అంటే అంతకంతకూ సన్నటి రంధ్రాల గుండా లాగుతారు, లాగేకొద్దీ ట్యూబ్ సన్నబడి పొడుగవుతుంది, పూసలు పొడై గట్టిగా బిగుసుకుంటాయి, తీగలు కూడా సన్నబడతాయి కానీ ఒకదానికొకటి తగలవు, నాకైతే ఎన్నిసార్లు చూసినా ముచ్చటేస్తుంది. లాగినప్పుడల్లా లోహం బిరుసెక్కుతుంది కాబట్టి మధ్యమధ్యలో అనీలింగ్, అంటే వేడిచేసి మెత్తబరచడం తప్పదు.

తర్వాత పెద్ద శత్రువు తేమ. ఆ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, గాల్లోని తడిని ఇట్టే పీల్చేస్తుంది, వర్షాకాలంలో కోసిన కేబుల్ కొస అలా వదిలేస్తే ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ మీటర్ పెట్టగానే ఇన్సులేషన్ పడిపోయి కనిపిస్తుంది. అందుకే కోసిన వెంటనే ఆరబెట్టి, సీల్ చేసి, 500 వోల్టుల డీసీతో చెక్ చేస్తారు, రెండు తీగలు కలిసే జంక్షన్ వెల్డ్‌కి ఎక్స్‌రే కూడా తీసేవాళ్లున్నారు.

క్యాలిబ్రేషన్‌కి, అంటే రీడింగ్ సరిచూసుకోవడానికి ప్రకృతే ఇచ్చిన గుర్తులున్నాయి, వెండి గడ్డకట్టేది 961.78 డిగ్రీల దగ్గర, పల్లాడియం కరిగేది 1554.8 దగ్గర. స్టీల్‌లో ముంచే కొసల్ని ఒక్కోటీ టెస్ట్ చేయలేం కదా, టెస్ట్ చేస్తే అది అక్కడితో అయిపోతుంది, అందుకే తీగ చుట్టల్లోంచి శాంపిల్ ముక్కలు తీసి చూస్తారు. తీగ అంతా ఒకేలా ఉంటేనే ఆ ముక్క మాట మిగతా కొసలకి వర్తిస్తుంది.

[స్క్రీన్ మీద: కనెక్షన్ హెడ్, రంగు వైర్లు]

ఇక బిగించేవాళ్లకి ఒక మాట. అమెరికన్ కోడ్‌లో టైప్ కెకి పసుపు ప్లస్, ఎరుపు మైనస్, అంతర్జాతీయ ఐఈసీ కోడ్‌లో ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్. ఎరుపు అంటే ప్లస్సే అని అలవాటు మీద కలిపేయకండి. డౌటొస్తే అయస్కాంతం పెట్టండి, అంటుకునేది అల్యూమెల్, అదే మైనస్. థర్మోకపుల్ హెడ్ నుంచి ప్యానెల్ దాకా వేసే ఎక్స్‌టెన్షన్ కేబుల్‌లో ప్లస్ మైనస్ ఒక్కవైపే తిరగేస్తే ఫర్నేస్ వేడెక్కుతుంటే రీడింగ్ కిందకి పోతుంది, వెంటనే పట్టేస్తారు. రెండువైపులా తిరగేస్తే మాత్రం రీడింగ్ మామూలుగానే పెరుగుతూ కనిపిస్తుంది, కానీ హెడ్ దగ్గర 60 డిగ్రీలు, ప్యానెల్ దగ్గర 30 డిగ్రీలు ఉంటే దాదాపు 60 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది, కంట్రోలర్ చాల్లేదనుకుని ఇంకా మంట పెంచుతుంది.