ఎంజీబీ ఇంజిన్ రీబిల్డ్: బిగించడం కన్నా కొలవడమే పెద్ద పని

[దృశ్యం: స్టాండు మీద తలకిందులుగా తిప్పిన ఇంజిన్ బ్లాకు. సంపు (అడుగున ఉండే ఆయిల్ తొట్టె) లేదు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) కనిపిస్తోంది.]

ఇది ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఇంజిన్. ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా ఈ కార్లు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. లోపలున్నది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ-సిరీస్, 1798 సీసీ. అంబాసిడర్ పని చేసిన మెకానిక్‌కి దీన్ని చూడగానే చుట్టరికం తెలిసిపోతుంది. మన పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌దీ ఇదే వంశం. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) రెండింటికీ 88.9 మి.మీ. తేడా బోర్‌లో (సిలిండర్ వెడల్పులో) ఉంది: దానిది 73.025, దీనిది 80.26. పిస్టన్లు అటూ ఇటూ మారవు గానీ అంగుళాల పానాలు మాత్రం అవే. ఎక్కువ నట్లు 7/16, 1/2, 9/16 సైజుల్లో వస్తాయి. దగ్గర్లో ఉంది కదా అని మిల్లీమీటర్ పానా వేస్తే నట్టు మూలలు పోతాయి.

ముందు ఇంజిన్ నంబరు చూడండి. 18జీ, 18జీఏ అయితే క్రాంక్‌ను మోసే మెయిన్ బేరింగులు మూడు. 1964 చివర్లో వచ్చిన 18జీబీ నుంచి ఐదు. మనం విప్పుతున్నది ఐదు బేరింగులది.

[దృశ్యం: సిలిండర్ హెడ్ పైనుంచి. వేలు ఒక్కో నట్టునూ చూపిస్తుంది.]

హెడ్‌కి 11 స్టడ్లు. వాటిలో నాలుగు రాకర్ పెడెస్టల్స్ (వాల్వులను నొక్కే రాకర్ల షాఫ్ట్‌ను మోసే దిమ్మెలు) గుండా పోతాయి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. రాకర్ షాఫ్ట్ ఒక్కటే తీస్తే చాలని ఆ నాలుగు నట్లే వదులు చేస్తారు. మిగతా ఏడూ బిగిసే ఉంటాయి కాబట్టి హెడ్ వంకర పోతుంది. రాకర్ తీయాలన్నా సరే, నీళ్లు వదిలేసి, పదకొండు నట్లూ కొద్దికొద్దిగా, వరస తప్పకుండా వదులు చేయాలి.

ట్యాపెట్లు, వాటిపై నిలబడి రాకర్లను నెట్టే పుష్‌రాడ్లు, బేరింగ్ క్యాపులు ఎక్కడివి అక్కడికే వెళ్లాలి. అట్టకు రంధ్రాలు చేసి నంబర్లు వేసుకోండి. క్యాపులు బ్లాకుతో కలిపి బోర్ చేసినవి, ఒకదాని చోట ఇంకొకటి పెడితే క్రాంక్ పట్టేస్తుంది.

[దృశ్యం: బోర్ గేజ్ సిలిండర్‌లోకి దిగుతోంది.]

ఇప్పుడు కొలతలు. రింగులు తిరిగే భాగంలో పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవాలి. అరుగుదల ఎక్కువగా పైన, రింగులు ఆగే గట్టు కిందే ఉంటుంది. తేడా 0.1 మి.మీ. దాటితే పైపైన రుద్దే హోనింగ్‌తో పని జరగదు, సిలిండర్‌ను పెద్దది చేసే బోరింగ్ చేయించాల్సిందే. 20, 30, 40, 60 థౌ ఓవర్‌సైజ్ పిస్టన్లు దొరుకుతాయి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. పిస్టన్లు కొని చేతిలో పట్టుకున్నాకే లేత్ వర్క్స్‌కి వెళ్లండి. బోర్ పిస్టన్‌కి సరిపోవాలి. పెట్టె మీది అంకెను నమ్మి బోర్ చేస్తే, గ్యాప్ తక్కువైనప్పుడు వేడికి పట్టేస్తుంది, ఎక్కువైతే చల్లగా ఉన్నప్పుడు టకటకలాడుతుంది.

క్రాంక్‌కి మెయిన్ జర్నల్ (మెయిన్ బేరింగులో తిరిగే నున్నటి భాగం) 54.01 మి.మీ., బిగ్ ఎండ్ జర్నల్ (కనెక్టింగ్ రాడ్ పట్టుకునే భాగం) 47.65 మి.మీ. దగ్గర ఉండాలి. ఇవి ఐదు బేరింగుల క్రాంక్ కొలతలే. అరిగినా గీతలు పడినా 10 థౌ, 20 థౌ అండర్‌సైజ్‌కి గ్రైండ్ చేయించి దానికి తగ్గ బేరింగ్ షెల్స్ వేస్తారు.

హెడ్ విషయానికొస్తే, 2, 3 సిలిండర్ల ఎగ్జాస్ట్ పొగ ఒకే దారిలో బయటికి పోతుంది. వేడి అక్కడే ఎక్కువ, అందుకే పగుళ్లకోసం ముందు ఆ నడిమి సీట్ల మధ్యే వెతకాలి. హెడ్ ఎలాగూ షాపులో ఉంది కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి స్టీలు సీట్లు వేయించేయండి. సీసం కలిపిన పెట్రోల్ ఇండియాలోనూ బ్రిటన్‌లోనూ 2000తోనే పోయింది. వాల్వ్‌కీ సీటుకీ మధ్య ఆ సీసం మెత్తలా చేసే పని లేకపోతే, పాత క్యాస్ట్ ఐరన్ సీట్లు హైవే స్పీడులో త్వరగా కిందికి దిగబడతాయి.

[దృశ్యం: బ్లాకులోని ఆయిల్ దారిలోంచి పొడవాటి బ్రష్ బయటికొస్తుంది, దాని మీద నల్లటి ముద్ద.]

బోరింగ్ అయి వచ్చిన బ్లాకు తళతళలాడుతుంది కానీ లోపల ఎమెరీ పొడి ఉంటుంది. ఆయిల్ గ్యాలరీ (ఆయిల్ దారుల) ప్లగ్గులన్నీ తీసి బ్రష్ ఆడించాలి. ప్లగ్గులు తీయకుండా గాలి కొట్టి పంపిన బ్లాకును శుభ్రమైనదని మేం ఒప్పుకోం. నీళ్ల దారులు మూసే కోర్ ప్లగ్గులూ తీయండి. వెనక నాలుగో సిలిండర్ చుట్టూ తుప్పు బురద పేరుకుని ఉంటుంది, బ్లాకు డ్రెయిన్ ట్యాప్ కూడా దాంతోనే మూసుకుపోతుంది. రేడియేటర్ మార్చినా వేడెక్కే కార్లలో అసలు రోగం చాలాసార్లు అక్కడే.

సిలిండర్లను పెట్రోల్‌తో, కిరోసిన్‌తో కడిగితే హోనింగ్ పొడి గీతల్లోకి ఇంకా దిగుతుంది. వేడినీళ్లు, సర్ఫ్ నురగ, గట్టి బ్రష్ కావాలి. తర్వాత తెల్లటి గుడ్డను ఆయిల్‌లో ముంచి తుడవండి. గుడ్డ బూడిదరంగుకు మారినంతసేపూ మళ్లీ కడగాల్సిందే. ఆరగానే ఆయిల్ పట్టించండి, నిమిషాల్లో తుప్పు పూత వచ్చేస్తుంది.

[దృశ్యం: మధ్య మెయిన్ బేరింగ్. అరచంద్రం ఆకారపు థ్రస్ట్ వాషర్ దగ్గరగా.]

నడిమి బేరింగుకు రెండు పక్కలా థ్రస్ట్ వాషర్లు, మొత్తం నాలుగు ముక్కలు. వాటి మీది ఆయిల్ గాడులు క్రాంక్ వైపు చూడాలి. తిరగేసి పెడితే క్లచ్ తొక్కిన ప్రతిసారీ ఎండిన లోహం మీద క్రాంక్ రాసుకుంటుంది. డయల్ గేజ్ పెట్టి క్రాంక్‌ను ముందుకూ వెనక్కూ నెట్టి చూస్తే 4 నుంచి 5 థౌ కదలాలి.

మెయిన్ క్యాపులకు 70 పౌండ్-అడుగులు, అంటే 95 న్యూటన్ మీటర్లు. బిగ్ ఎండ్‌కి లాక్ ట్యాబ్ బోల్టులైతే 35 నుంచి 40, తర్వాతి ఇంజిన్లలో వచ్చిన బహుముఖాల నట్లకైతే 33. బిగించిన ప్రతి క్యాపు తర్వాత క్రాంక్‌ను చేత్తో తిప్పండి. ఎక్కడ బిగిస్తే ఎక్కడ బరువెక్కిందో అప్పుడే తెలుస్తుంది. ఐదూ బిగించాక చూస్తే ఏ క్యాపుదో పట్టుకోవడం కష్టం.

కొత్త రింగును పిస్టన్ తలతో సిలిండర్‌లోకి తిన్నగా దించి ఫీలర్ గేజ్‌తో చివరల మధ్య సందు చూడాలి. ఈ బోర్‌కి కనీసం 12 థౌ ఉండాలి. తక్కువైతే వేడికి చివరలు తాకి రింగు విరుగుతుంది.

క్యామ్ (ట్యాపెట్లను నెట్టే ఇరుసు) బేరింగులు కొత్తవి వేస్తే, మూడింటినీ ఒకే వరసలో రీమర్ చేయించాలి. ఊరికే కొట్టి వదిలేస్తే క్యామ్ తిరగదు. టైమింగ్ గేర్ల చుక్కలు ఒకదానికొకటి ఎదురెదురుగా రావాలి. క్రాంక్ గేరు, క్యామ్ గేరు ఒకే తలంలో ఉన్నాయో లేదో స్కేలు ఆనించి చూసి, తేడా ఉంటే క్రాంక్ గేరు వెనక షిమ్ (పల్చటి వాషర్) వేయాలి.

[దృశ్యం: రెండు ట్యాపెట్లను అడుగు అడుగుకు ఆనించి ఊపుతున్న చేతులు.]

రీబిల్డ్ చేసిన ఇంజిన్లను చంపేది ఎక్కువగా క్యామ్. కొత్త క్యామ్‌కి పాత ట్యాపెట్లు వేయకండి. ట్యాపెట్ అడుగు కంటికి చదునుగా కనిపిస్తుంది గానీ నిజానికి సన్నగా ఉబ్బి ఉంటుంది. రెండింటిని అడుగులు కలిపి పట్టుకుంటే కొత్తవి అటూ ఇటూ ఊగుతాయి. అరిగినవి ఊగవు. ఆ ఉబ్బు వల్లే ట్యాపెట్ తనలో తాను తిరుగుతుంది. తిరగని ట్యాపెట్ కొద్దిసేపట్లోనే క్యామ్ మీది ఉబ్బెత్తు భాగాన్ని, అంటే లోబ్‌ను తినేస్తుంది. లోబ్స్‌కి మాలిబ్డినం పేస్ట్ పూయండి. ఆయిల్ 20డబ్ల్యూ-50, జింక్ ఎక్కువున్నది.

హెడ్ నట్లు నడిమి నుంచి బయటికి, మూడు విడతల్లో 45 నుంచి 50 పౌండ్-అడుగులకు. రాకర్ పెడెస్టల్ చిన్న నట్లకు 25 చాలు. ట్యాపెట్ గ్యాప్ (రాకర్‌కీ వాల్వ్‌కీ మధ్య సందు) చల్లటి ఇంజిన్ మీద 15 థౌ. ఏ వాల్వ్ సెట్ చేయాలో గుర్తుకు తొమ్మిది లెక్క: ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఏడోది తెరుచుకున్నప్పుడు రెండోది.

[దృశ్యం: స్పార్క్ ప్లగ్గులు లేని ఇంజిన్. ఆయిల్ ప్రెషర్ ముల్లు కదులుతోంది.]

బిగించేటప్పుడే ఆయిల్ పంపులో వాసెలిన్ కూరండి. ప్లగ్గులు తీసేసి స్టార్టర్‌తో తిప్పితే ప్రెషర్ ముల్లు లేవాలి, రాకర్ల దగ్గర ఆయిల్ కనపడాలి. పాత ఇంజిన్‌లో బేరింగ్ పోయి ఉంటే ఆయిల్ కూలర్ కొత్తది వేయండి. పాతదాని గొట్టాల్లో దాక్కున్న లోహపు పొడి పూర్తిగా కడగడం కుదరదు.

స్టార్ట్ చేసే ముందే కార్బురేటర్లలో పెట్రోల్, ఇగ్నిషన్ టైమింగ్ సరిచూసుకోండి. 18జీబీకి స్టాటిక్‌గా (ఇంజిన్ ఆగి ఉండగా) పిస్టన్ పూర్తిగా పైకి రావడానికి 10 డిగ్రీలు ముందు, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. అంటుకోని ఇంజిన్‌ను పదే పదే స్టార్టర్‌తో తిప్పితే పూసిన పేస్ట్ అంతా క్యామ్ మీంచి తుడిచిపెట్టుకుపోతుంది. అంటుకోగానే 2000 ఆర్‌పీఎంకి తీసుకెళ్లి, అటూ ఇటూ మారుస్తూ ఇరవై నిమిషాలు ఉంచండి. ఐడిల్‌లో వదిలితే క్యామ్ మీదికి ఆయిల్ చిమ్మడం సరిపోదు. నీళ్లు కారితే ఆపేసి, సరిచేసి, మిగతా సమయం పూర్తి చేయండి.

చల్లారాక హెడ్ నట్లు మళ్లీ చూడాలి. అవి కొంచెం కదిలినా ట్యాపెట్ గ్యాప్ మారుతుంది, కాబట్టి అదీ మళ్లీ సెట్ చేయాలి. ఆయిల్, ఫిల్టర్ అప్పుడే మార్చేయండి. తీసిన ఫిల్టర్ కాగితాన్ని కోసి వెలుతురులో పరచండి. సన్నటి బూడిదరంగు పొడి కొద్దిగా ఉంటే రింగులు కూర్చుంటున్నాయని అర్థం. అయస్కాంతానికి అంటుకునే మెరుపు ముక్కలుంటే ట్యాపెట్ పక్క కవర్లు తీసి క్యామ్ చూడండి. రాగి రంగు మెరుపు కనిపిస్తే అది బేరింగ్ షెల్‌ది. మళ్లీ స్టార్ట్ చేయకుండా సంపు దించాలి.